తూటాలు మళ్ళీ నింపే సెకండ్ హ్యాండ్ ప్రెస్సులో ప్రైమర్ స్లైడు చెవి విరిగింది. వారంటీ నాకు వర్తిస్తుందా?

ఫ్రిస్కో_శీను
అందరికీ నమస్కారం. టెక్సస్‌లో ఉంటాను. షూటింగ్ రేంజికి వెళ్ళడం ఆరేళ్ళుగా అలవాటు, రీలోడింగ్ (పేల్చిన తూటాల ఖాళీ కేసుల్ని మళ్ళీ నింపుకోవడం) మాత్రం ఈ మార్చిలోనే మొదలుపెట్టాను. మా పక్కింటి పెద్దాయనకి చూపు తగ్గి మానేస్తూ, తన ప్రోగ్రెసివ్ ప్రెస్సు (హ్యాండిల్ లాగిన ప్రతిసారీ ఒక తూటా తయారయ్యే యంత్రం), డైలు (కేసుని సరైన కొలతకి తెచ్చే అచ్చులు), రెండు డబ్బాల బ్రాస్ (ఖాళీ ఇత్తడి కేసులు) కలిపి 250 డాలర్లకి నాకిచ్చారు. ఆయన కొత్తగా కొన్నప్పటి మాన్యువల్ ఉంది, బిల్లు లేదు.

నిన్న రాత్రి 45 ఏసీపీ పిస్టల్ తూటాలు చేస్తున్నాను. నలభై దాకా బాగా వచ్చాయి. తర్వాత కేసు అడుగున ప్రైమర్ (పౌడరుని వెలిగించే చిన్న బిళ్ళ) ఎక్కించడానికి హ్యాండిల్ ముందుకి నెడితే టక్కుమని శబ్దం వచ్చి ఆగిపోయింది. చూస్తే ప్రైమరుని గుంటలోకి తోసే పంచ్ ఒక పక్కకి వంగింది. దాన్ని పట్టుకునే స్లైడు హౌసింగుకి రెండు చెవులుంటాయి కదా, ఎడమ చెవి మొదలంటా తెగిపోయింది. తెగిన చోట లోపల బూడిదరంగు గరుకు కనపడుతోంది, పోత లోహం అనుకుంటా. నేను మామూలుగానే నెట్టాను.

మాన్యువల్ చివరి పేజీలో "పరిమిత జీవితకాల వారంటీ, మొదట కొన్నవారికి" అని ఉంది. ఫోన్ చేస్తే ఇస్తారా? ఏమని చెప్పాలి? కంపెనీ పేరు ఇక్కడ రాయను, తప్పు ఎవరిదో ఇంకా తెలీదు కాబట్టి.

రేంజ్‌రాజు
శీనూ, ఎందుకంత ఆలోచన. నేనే కొన్నాను, బిల్లు పోయిందని చెప్పు. ఈ కంపెనీలు బిల్లు అడగవు. నాకు వేరే ప్రెస్సుకి రెండుసార్లు స్ప్రింగులు ఊరికే పంపారు. నాలుగు రోజుల్లో పోస్టులో వచ్చేస్తుంది.

కొలంబస్_మాస్టారు
శీను గారూ, వారంటీ సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఒక్క ప్రశ్నకి జవాబివ్వండి. ప్రైమర్ ట్యూబులో ఇంకా ప్రైమర్లు ఉన్నాయా? ఆ ఇరుక్కున్న కేసు ఇంకా షెల్‌ప్లేటులోనే (కేసుల్ని పట్టుకునే పళ్ళెం) ఉందా?

ఈ రెండూ తెలిసేదాకా హ్యాండిల్ ముట్టుకోవద్దు.

ఫ్రిస్కో_శీను
ఉన్నాయి మాస్టారూ. వంద నింపాను, అరవై దాకా మిగిలి ఉండాలి. కేసు అలాగే ఉంది. దానికి ప్రైమర్ సగం దిగి వంకరగా నిలబడింది.

కొలంబస్_మాస్టారు
అయితే జాగ్రత్తగా వినండి. ప్రైమర్ అంటే దెబ్బ తగిలితే పేలడానికే తయారుచేసిన వస్తువు. ట్యూబులో వరుసగా పేర్చినప్పుడు కింద ఒకటి పేలితే పైవన్నీ అందుకుంటాయి. ట్యూబు చుట్టూ లావుపాటి ఉక్కు గొట్టం పెట్టేది అందుకే.

కళ్ళద్దాలు పెట్టుకోండి. పౌడర్ హాపర్ (తూటా మందు పోసే తొట్టి) తీసి పౌడర్ దాని అసలు డబ్బాలో పోసి, డబ్బా గదిలోంచి బయట పెట్టండి. ట్యూబు కింద పిన్ను పెట్టి పైకి తీసి, ప్రైమర్లని ట్రేలోకి వంచండి. ఇరుక్కున్న కేసుని స్క్రూడ్రైవరుతో పెకలించొద్దు, పటకారుతో లాగొద్దు. షెల్‌ప్లేటు బోల్టు విప్పి, ప్లేటుని కేసుతో సహా నిదానంగా పైకెత్తండి. నలిగిన ప్రైమర్ మీద నూనె పోస్తే చచ్చిపోతుందని కొందరు చెబుతారు, నమ్మొద్దు. నూనెలో నానినవి కూడా పేలిన సందర్భాలున్నాయి. దాన్ని విడిగా చిన్న డబ్బాలో పెట్టి, మీ రేంజివాళ్ళు తీసుకుంటారేమో అడగండి.

ఇక రాజు చెప్పినదాని మీద. తమ్ముడూ, అలా చెప్పడం తప్పు. ఈ పరిశ్రమలో బిల్లు అడక్కుండా పార్టు పంపే పద్ధతి ఇన్నేళ్ళు నిలబడిందంటే, ఫోన్ చేసినవాడు నిజం చెబుతాడన్న నమ్మకం మీదే. ఆ నమ్మకాన్ని మన చేత్తో మనం చెడగొట్టుకోకూడదు. పైగా ఏం జరిగిందో నిజంగా చెబితేనే అవతల ఫోన్లో ఉన్న మనిషికి ఏ పార్టు పంపాలో తెలుస్తుంది.

లేత్‌మెషీన్
హ్యూస్టన్ నుంచి. వృత్తిరీత్యా మెకానికల్. వారంటీ చట్టం గురించి రెండు ముక్కలు.

అమెరికాలో 1975లో వచ్చిన మాగ్నుసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. వారంటీ ఇచ్చి తీరాలని అది ఏ కంపెనీనీ బలవంతపెట్టదు. కాగితం మీద ఇస్తే మాత్రం అది "పూర్తి" వారంటీయా "పరిమిత" వారంటీయా అని పైన స్పష్టంగా రాయాలి. శీను గారి కేసులో తేడా అంతా ఇక్కడే. పూర్తి వారంటీ అయితే గడువులోపు ఆ వస్తువు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి వర్తిస్తుంది, మొదట కొన్నవాళ్ళకే అని కుదించడానికి లేదు. పరిమితమైతే అలా కుదించుకోవచ్చు. మీ మాన్యువల్లో "పరిమిత", "మొదట కొన్నవారికి" రెండూ ఉన్నాయి. హక్కుగా అడగలేరు. మర్యాదగా అడగొచ్చు.

ఇంకోటి. ఆ పెద్దాయన ప్రెస్సుకి వేరే కంపెనీ హ్యాండిలో, రోలరో ఏమైనా బిగించారా? బిగించినా భయపడక్కర్లేదు. బయటి పార్టు వాడారన్న ఒక్క కారణంతో వారంటీ కొట్టేయడం ఆ చట్టం ప్రకారం కుదరదు. ఆ బయటి పార్టు వల్లే విరిగిందని వాళ్ళు చూపించాలి.

రేంజ్‌రాజు
మాస్టారూ, మీ మాట కాదనను. కానీ పక్కింటాయన బతికే ఉన్నారు కదా, మొదట కొన్నది ఆయనే కదా. ఆయన చేత ఫోన్ చేయిస్తే? అందులో అబద్ధం ఏముంది?

కొలంబస్_మాస్టారు
ప్రెస్సు ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉందని వాళ్ళు అడిగితే ఆయన ఏం చెప్పాలి? డెబ్బై దాటిన మనిషిని మనకోసం ఇబ్బందిలో పెట్టడం ఎందుకు. శీను గారు తన పేరుతో, తన కథతో ఫోన్ చేయాలి. ఇవ్వకపోతే పార్టు కొనుక్కోవాలి. ఆ చెవి ముక్క ఖరీదు ఎంతుంటుంది, రెండు పెట్టెల తూటాల డబ్బు.

ఫీనిక్స్_లక్ష్మి
అందరూ వారంటీ గురించి మాట్లాడుతున్నారు గానీ నాకు ఒక మాట తట్టుతోంది. శీను గారూ, నలభై బాగా వచ్చి నలభై ఒకటోది ఆగిందన్నారు. అంటే యంత్రం బాగుంది, ఆ ఒక్క కేసులోనే ఏదో తేడా ఉంది. ఆ కేసు అడుగున ఏ పేరు ముద్ర ఉంది? ప్రైమర్ కూర్చునే గుంట ఎంత వెడల్పు ఉంది?

45 ఏసీపీ బ్రాసులో ఎక్కువ పెద్ద ప్రైమరువే. కొన్ని కంపెనీల తూటాలు మాత్రం చిన్న ప్రైమర్ గుంటతో వస్తాయి. అడుగు తిప్పి చూడకపోతే రెండూ ఒకేలా ఉంటాయి. రేంజిలో నేల మీద ఏరుకున్న బ్రాసులో రెండూ కలిసిపోతాయి. నేను మొదటి ఏడాది ఇదే దెబ్బ తిన్నాను. నా అదృష్టం, పంచ్ వంగడంతో ఆగింది.

ఫ్రిస్కో_శీను
మాస్టారు చెప్పినట్టే అన్నీ తీశాను. ట్రేలో లెక్కపెడితే 58 ప్రైమర్లు. పౌడర్ డబ్బా గరాజ్ అవతల గదిలో పెట్టాను. షెల్‌ప్లేటు పైకెత్తగానే కేసు దానంతటదే జారి చేతిలోకి వచ్చింది. ప్రైమర్ అంచు ఒక పక్క నొక్కుకుపోయి నెలవంకలా ఉంది.

లక్ష్మి గారూ, మీరు చెప్పిందే. కాలిపరుతో కొలిచాను. ఈ కేసు గుంట 0.175 అంగుళం. పక్కన మామూలు కేసు పెట్టి కొలిస్తే 0.210. నేను చిన్న గుంటలోకి పెద్ద ప్రైమర్ తోశాను.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. మొదటి పోస్టులో మామూలుగానే నెట్టానని రాశాను, అది నిజం కాదు. గట్టిగా తగిలిన సంగతి చేతికి తెలిసింది. ఒకసారి వెనక్కి తీసి, ఈసారి భుజం బలం పెట్టి నెట్టాను. అప్పుడే విరిగింది. మీరంతా మీ టైము పెట్టి సాయం చేస్తుంటే ఆ మాట దాచడం బాగోలేదు, క్షమించండి.

ఫీనిక్స్_లక్ష్మి
ఆ ప్రైమర్ పేలకుండా పోయింది, అదే పెద్ద విషయం. మీరు అద్దాలు పెట్టుకున్నారా ఆ టైములో?

ఫ్రిస్కో_శీను
చదువుకునే అద్దాలు మాత్రమే. ఈ రోజే సేఫ్టీ గ్లాసులు రెండు జతలు తెచ్చి ప్రెస్సు హ్యాండిలుకే తగిలించాను. అవి తీసి పెట్టుకుంటే గానీ హ్యాండిల్ పట్టుకోవడం కుదరదు.

కొలంబస్_మాస్టారు
నిజం చెప్పినందుకు సంతోషం శీను గారూ. ప్రైమర్ ఎక్కించేటప్పుడు చేతికి తెలిసే బరువు ఉంటుంది చూడండి, అదే మనకున్న పెద్ద గేజు. మామూలు గుంటలో మెత్తగా దిగి, అడుగున ఆనినట్టు తెలుస్తుంది. మిలిటరీ బ్రాసులో గుంట అంచు చుట్టూ నొక్కి క్రింప్ చేసి ఉంటారు. దాన్ని రీమరుతో (గుంట అంచు చెక్కే పనిముట్టు) తీయకపోతే ఆ కేసు కూడా ఇలాగే ఎదురు తిరుగుతుంది. చెయ్యి బరువెక్కిందంటే ఆగి చూడాలి తప్ప ఇంకా నెట్టకూడదు.

లేత్‌మెషీన్
శీను గారు పెట్టిన ఫొటో చూశాను. తెగిన ముఖం అంతా ఒకే రంగులో, ఒకే గరుకులో ఉంది. పాత పగులు ఉంటే కొంత భాగం నల్లబడి, అరిగి నున్నగా కనపడేది. అలాంటిది లేదు. ఒక్క దెబ్బకి తెగింది. పోతలో బుడగలు కూడా కనపడటం లేదు. కాబట్టి ఇది తయారీ లోపం కాదని నా అభిప్రాయం. మీరు కంపెనీకి ఫోన్ చేసినా అది కూడా చెప్పండి.

రాజు గారు "అంత బలహీనమైన చెవి పెట్టడం ఏమిటి" అంటారేమో. నేనైతే అక్కడ అలాంటి పార్టు ఉండటమే మంచిదంటాను. ప్రెస్సు లీవర్ చేతి బలాన్ని చాలా రెట్లు పెంచుతుంది. ఆ బలం ఎక్కడో ఒకచోట బయటికి రావాలి. చవక ముక్క తెగి ఫ్రేమూ, రామ్ (పైకీ కిందకీ కదిలే కడ్డీ), లింకులూ మిగిలాయి. కేసుకి లూబ్ (జారడానికి రాసేది) రాయకుండా రైఫిల్ కేసుని డైలోకి తోసి, ఇరుక్కున్నాక హ్యాండిల్ మీద ఇద్దరు వేలాడి లింకు పిన్నులు వంచిన వాళ్ళని చూశాను. అది బాగుచేయడం వేరే కథ.

రేంజ్‌రాజు
నేను అనబోయిన మాటే మీరు ముందే అనేశారు. మాస్టారూ, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. విరిచింది శీనే అని తెలిశాక కంపెనీ మీద వేయమనడం నాకే బాగోలేదు.

వారంటీలు అన్ని చోట్లా ఒకేలా ఉండవని కొత్తవాళ్ళ కోసం రాస్తున్నాను. లీ ప్రెసిషన్ రెండేళ్ళ హామీ ఇస్తుంది. ఆ తర్వాత ప్రస్తుతం తయారవుతున్న మోడల్ అయితే, ఎంత పాతదైనా, ఇప్పటి ధరలో సగం కట్టి ఫ్యాక్టరీకి పంపితే కొత్తదానిలా చేసి, కొత్త హామీతో తిరిగిస్తామంటుంది. డిల్లాన్ తన హాబీ ప్రెస్సులకి జీవితకాల హామీ ఇస్తుంది. వ్యాపారానికి వాడే తరహా 1050 మోడలుకి మాత్రం ఒక్క ఏడాదే ఇచ్చింది. కొనేముందు ఆ కాగితం చదవండి, రంగు చూసి కొనొద్దు.

కొత్తగా_వచ్చా
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి అన్నా. నేను డాలస్‌లో హెచ్-1బీ మీద ఉన్నాను. మా అన్నయ్య వరసాయన ఇంట్లో ప్రెస్సు ఉంది. నాకూ నేర్చుకోవాలని ఉంది. సొంతానికి చేసుకుంటే లైసెన్సు అక్కర్లేదట కదా?

లేత్‌మెషీన్
తమ్ముడూ, ఇది జాగ్రత్తగా చదువు. సొంత వాడకానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, నిజమే. అమ్మకానికి చేస్తే కావాలి. నీ విషయం వేరు. ఫెడరల్ చట్టం 922వ సెక్షన్ ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వాటిలో ఒకటి. తూటా అనే మాట కింద ఆ చట్టం ఖాళీ కేసుని, ప్రైమరుని, బుల్లెట్టుని, పౌడరుని కూడా చేర్చింది. కాబట్టి "నేను తుపాకీ ముట్టుకోను, హ్యాండిల్ మాత్రమే లాగుతాను" అంటే సరిపోదు. ముందు ఇమిగ్రేషన్ లాయరుని అడుగు. గ్రీన్ కార్డు దాకా ఆగినా నష్టం లేదు. ఇన్నేళ్ళ నీ కష్టాన్ని దీనికోసం పణంగా పెట్టకు.

కొత్తగా_వచ్చా
ఇది నాకెవ్వరూ చెప్పలేదన్నా. చాలా థాంక్స్. లాయరుని అడిగేదాకా ఆ గరాజులోకి వెళ్ళను.

గచ్చిబౌలి_పది_మీటర్లు
హైదరాబాద్ నుంచి. మా దగ్గర ఇంట్లో రీలోడింగ్ అనే మాటే లేదు. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. ఇక్కడ సెలవుకి వచ్చినవాళ్ళు చెప్పింది విని ఎవరూ ప్రయత్నించకూడదని రాస్తున్నాను.

మేము ఎయిర్ పిస్టల్, ఎయిర్ రైఫిల్ వాళ్ళం. 2012 లండన్‌లో మన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చాక మా రేంజిలో పిల్లల వరస ఎంత పెరిగిందో చెప్పలేను. మాకూ పార్టుల బాధ ఉంది. మంచి పిస్టళ్ళు జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ నుంచి రావాలి, ఒక సీల్ పోతే వారాలు ఎదురుచూడాలి. గాలి సిలిండరుకి గరిష్ఠంగా పదేళ్ళే గడువు, అది దాటితే పోటీలో ఒప్పుకోరు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు పిల్లల తల్లిదండ్రులు పిస్టల్ మెరుపు చూస్తారు, సిలిండర్ మీద కొట్టిన తేదీ చూడరు. దయచేసి ముందు అది చూడండి.

ఫ్రిస్కో_శీను
ఈ రోజు ఫోన్ చేశాను. మొదట తీసినాయన, ప్రెస్సు మొత్తం నా ఖర్చుతో పంపితే చూసి చెబుతామన్నారు. అది ఇరవై కిలోలకి పైనే ఉంటుంది. మనసు చివుక్కుమంది. విడిభాగాల సెక్షనుకి కలపమని అడిగాను. అక్కడ ఒకావిడ తీశారు.

ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పాను. నేను మొదట కొన్నవాణ్ణి కాదు, చిన్న గుంటలో పెద్ద ప్రైమర్ తోశాను, రెండోసారి బలంగా నెట్టాను. ఆవిడ ఒక క్షణం ఆగి, "ట్యూబు ఖాళీ చేశారా" అని అడిగారు. మాస్టారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే! ఖాళీ చేశానంటే అప్పుడు మిగతావి మాట్లాడారు. వారంటీ కిందకి రాదని చెప్పారు. హౌసింగు, పంచ్, పోస్టు ఖర్చు కలిపి 27 డాలర్లు అయింది. పంచ్ కింద స్ప్రింగు కూడా నొక్కుకుపోయి ఉంటుంది, అది నేను ఊరికే వేస్తానన్నారు. నేను అడగలేదు.

కొలంబస్_మాస్టారు
ఆ స్ప్రింగు మారిస్తే గానీ పంచ్ పూర్తిగా కిందకి దిగదు, అది మీకు తట్టేది కాదు. నిజం చెప్పబట్టి వచ్చింది.

పార్టు వచ్చాక తొందరపడొద్దు. స్లైడు దారిని గుడ్డతో, బ్రష్షుతో శుభ్రంగా తుడవండి. తెగిన చెవి నుంచి రాలిన రవ్వ ఎక్కడో ఒకచోట ఉంటుంది. హౌసింగు స్క్రూలు ముందు వదులుగా పెట్టి, ప్రైమర్ లేకుండా ఖాళీ కేసు పెట్టి, పంచ్ సరిగ్గా గుంట మధ్యలోకి వస్తోందా చూసి, అప్పుడు బిగించండి. ఒక్కసారే బిగిస్తే పంచ్ అంచుకి రాసుకుంటుంది, మళ్ళీ అదే చెవి మీద భారం పడుతుంది.

ఫ్రిస్కో_శీను
శనివారం పార్టులు వచ్చాయి. అవి వచ్చేలోపు రెండు డబ్బాల బ్రాసూ వరండాలో దుప్పటి మీద పోసి ఏరాం. మా ఆవిడ కూడా కూర్చుంది. బియ్యంలో రాళ్ళేరినట్టు చేట తెచ్చి, పది పది కేసులు పోసి అడుగులు పైకి తిప్పి చూసింది. నాకు కాలిపరు కావాల్సి వచ్చింది గానీ, ఆవిడకి పది నిమిషాల్లో చూపుకే తెలిసిపోయింది. మొత్తం 640లో చిన్న గుంటవి 71 తేలాయి. నలభై బాగా రావడమే నా అదృష్టం.

బిగించడం మొదట కుదరలేదు. స్లైడు వెనక్కి వచ్చేటప్పుడు చివర్లో బియ్యపు గింజంత ఆగుతోంది. మళ్ళీ స్ప్రింగు తీసి టార్చి వేసి చూస్తే, మాస్టారు చెప్పిన రవ్వ! స్ప్రింగు గుంటలో, గ్రీజులో కూరుకుపోయి ఉంది. సూదితో తీశాను. తర్వాత స్లైడు వేలితో నెడితే దానంతటదే వెనక్కి వచ్చింది.

పౌడర్ లేకుండా, బుల్లెట్ లేకుండా ఇరవై కేసులకి ప్రైమర్ మాత్రం ఎక్కించాను. వేలితో అడుగు తడిమి చూశాను. పద్దెనిమిది కేసు అడుగు కన్నా కొంచెం లోపలికి ఉన్నాయి. రెండు సమంగా ఉన్నాయి, వేలికి అంచు తగలడం లేదు. ఇది సరేనా?

ఫీనిక్స్_లక్ష్మి
సమంగా ఉన్నవి వాడొద్దు. ప్రైమర్ లోపలికే ఉండాలి. పైకి ఉంటే తుపాకీ మూసేటప్పుడు దెబ్బ తగలొచ్చు, పూర్తిగా ఆనకపోతే మొదటి దెబ్బకి కాలదు. ఆ రెండు కేసుల గుంటలో పాత మసి గట్టిపడి ఉందేమో చూడండి.

ఫ్రిస్కో_శీను
ఆ రెంటికీ ఇప్పుడు ప్రైమర్ ఎక్కి ఉంది కాబట్టి తీయలేదు, పక్కన పెట్టేశాను. అదే డబ్బాలోవి ఇంకో పది తీసి చూస్తే మూడింటిలో అడుగున నల్లటి పెచ్చు ఉంది. గుంట శుభ్రం చేసే బ్రష్షు ఆర్డర్ పెట్టాను. అది వచ్చేదాకా ప్రెస్సుకి గుడ్డ కప్పేశాను. 71 చిన్నవాటినీ వేరే డబ్బాలో పోసి, మూత మీద మా ఆవిడే పెద్దక్షరాలతో "చిన్న గుంట" అని తెలుగులో రాసింది.

కొలంబస్_మాస్టారు
మంచి పని. బ్రష్షు వచ్చాక మళ్ళీ ఇరవై చేసి, లోతు ఎలా ఉందో ఇక్కడే రాయండి. అప్పటిదాకా పౌడర్ డబ్బా ఆ గదిలోనే ఉండనివ్వండి.